పని మధ్యలో భాష మార్చి చూడు

నేను పుట్టి పెరిగింది గౌలిపురాలో, ఉద్యోగం వెలగబెట్టింది హైటెక్ సిటీలో. మొబైల్ యాప్‌ల టెస్టింగ్‌లోనే తల నెరిసింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇప్పటికీ ఇంటికొచ్చి, "అంకుల్, లాంగ్వేజ్ టెస్టింగంటే అనువాదం సరిగ్గా ఉందో లేదో చూడటమే కదా" అంటుంటారు. అనువాదం సంగతి అనువాదకులు చూసుకుంటారు బిడ్డా. టెస్టర్ కన్ను ఉండాల్సింది భాష మారే ఆ క్షణం మీద, మారాక కూడా పాత భాషలో మిగిలిపోయిన వాటి మీద.

మా పాతబస్తీలో ఫోను ఒక మనిషిది కాదు, ఇంటిది. తల్లి తెలుగులో పెట్టుకుంటుంది, కాలేజీ నుంచి వచ్చిన కొడుకు ఇంగ్లీషులోకి మారుస్తాడు. శాలిబండ దాటితే అదే తంతు ఉర్దూలో. ఫారం సగం ఇంట్లో నింపి, మిగతా సగం గల్లీ చివర జిరాక్సు షాపు కుర్రాడి చేత నింపించుకుంటారు. వాడు ఫోను చేతిలోకి తీసుకోగానే చేసే మొదటి పని భాష మార్చటం. మన టెస్ట్ కేసుల్లో మాత్రం అందరూ యాప్ తెరవగానే ఒకసారి భాష ఎంచుకుని, జన్మంతా దానికే కట్టుబడి ఉంటారు.

నా అనుభవంలో పనికొచ్చినవి కొన్ని రాసి పెడుతున్నాను. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. పొడుగ్గా ఉన్న చోట తప్పులు ఎక్కువ దొరుకుతాయని అర్థం చేసుకో.

1. ముందు వెనక్కి వచ్చే దారి చూడు

యాప్‌ని నీకు ఒక్క అక్షరం కూడా రాని భాషలోకి మార్చు. కొరియన్ పెట్టు, జార్జియన్ పెట్టు. ఇప్పుడు ఎవరినీ అడగకుండా తెలుగులోకి తిరిగి రా. రాలేకపోతే మొదటి బగ్ అదే. ఉర్దూ నొక్కి చిక్కుకుపోయిన తెలుగామె పరిస్థితీ, తెలుగు నొక్కి చిక్కుకుపోయిన ఉర్దూ పెద్దాయన పరిస్థితీ ఇంతే.

భాషల జాబితాలో ప్రతి పేరూ దాని సొంత లిపిలో ఉండాలి. ఇంగ్లీషులో ఉన్నప్పుడు 'తెలుగు' అని ఇంగ్లీషు అక్షరాల్లో, హిందీలో ఉన్నప్పుడు హిందీ అక్షరాల్లో చూపించే యాప్‌లు నేటికీ ఉన్నాయి. జేబులో ఉన్న నోటు తీసి చూడు. వెనక భాషల పట్టీలో పదిహేను వరుసలు, ఏ వరుస ఆ లిపిలోనే ఉంటుంది. చివరి రెండూ మనవే: తెలుగు, ఉర్దూ. జెండాలు పెట్టే డిజైనర్లు కూడా తగులుతారు. ఉర్దూకి ఏ జెండా పెడతావో చెప్పమని పాతబస్తీలో నిలబడి అడుగు, వాళ్లే తీసేస్తారు.

2. పని మధ్యలో మార్చు

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఆండ్రాయిడ్‌లో భాష మారిందంటే, మామూలుగా తెర మొత్తాన్ని వ్యవస్థ కూల్చి మళ్లీ కడుతుంది. డెవలపర్ దాచి ఉంచినవి బతుకుతాయి, దాచనివి పోతాయి. కాబట్టి ఖాళీ తెర మీద భాష మార్చి చూస్తే నీకు తెలిసేది ఏమీ ఉండదు. పేరు, ఊరు, పిన్‌కోడ్ నింపు. ఫోటో ఎక్కిస్తుండగా మార్చు. వెతుకులాటలో మూడో పేజీ దాకా పోయి మార్చు. ఓటీపీ కోసం ఎదురు చూసే తెర మీద మార్చు. టైమర్ మళ్లీ మొదటి నుంచి లెక్కబెడుతోందా, రెండో ఓటీపీ వచ్చిందా, మొదటిది ఇంకా చెల్లుతుందా?

ఒక బిల్లుల యాప్‌లో చెల్లింపు తిరుగుతున్నప్పుడు నోటిఫికేషన్ తెర కిందికి లాగి, సెట్టింగ్స్‌లోకి పోయి, భాష మార్చి వెనక్కి వచ్చాను. తెర కొత్తగా కట్టుకుంది, చెల్లింపు మొదలుపెట్టే లైను మళ్లీ నడిచింది, రెండో అభ్యర్థన సర్వర్‌కి వెళ్లిపోయింది. అది టెస్ట్ ఖాతా కాబట్టి సరిపోయింది. చూపిస్తే డెవలపర్ పిల్లాడు, "చెల్లింపు మధ్యలో భాష ఎవరు మారుస్తారు సార్" అన్నాడు. ఎవరూ మార్చకపోవచ్చు. కానీ తెర తిప్పినా, రాత్రికి డార్క్ మోడ్ దానంతటదే పడినా ఇదే కూలటం, కట్టటం జరుగుతుంది. భాష మార్పు ఆ రోగాన్ని పట్టిచ్చింది, అంతే.

మార్చే దారులు కూడా ఒకటి కాదు. ఫోను మొత్తానికి మార్చటం ఒకటి. యాప్ లోపలి మెనూలో మార్చటం ఇంకొకటి. 2019లో ఐఓఎస్ 13తోనూ, 2022లో ఆండ్రాయిడ్ 13తోనూ ఫోను సెట్టింగ్స్ నుంచే ఒక్కో యాప్‌కి వేరే భాష పెట్టుకునే వీలొచ్చింది. అది మూడో దారి. యాప్ మెనూలో తెలుగు పెట్టి, ఫోను సెట్టింగ్స్‌లో అదే యాప్‌కి ఉర్దూ పెట్టు. ఎవరి మాట నెగ్గింది? తెర మీద తెలుగు, మెనూలో ఉర్దూ దగ్గర టిక్కు కనిపిస్తే ఇద్దరూ మాట్లాడుకోవట్లేదని అర్థం. ఆ తర్వాత ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసి చూడు. యాప్ పాత వెర్షన్ మీద కొత్తది వేసి కూడా చూడు.

3. పాత భాష ఎక్కడ దాక్కుందో వెతుకు

భాష మార్చిన తర్వాత యాప్ మూసి తెరవకుండానే అన్ని గదులూ తిరుగు. ముందే తయారై ఉన్న నోటిఫికేషన్లు, హోం స్క్రీన్ విడ్జెట్, ఐకాన్ నొక్కి పట్టుకుంటే వచ్చే షార్ట్‌కట్లు, సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ చానళ్ల పేర్లు: ఇవన్నీ పాత భాషలో ఉండిపోయే చోట్లు. చానల్ పేరును యాప్ మళ్లీ రాస్తే గానీ అది మారదు.

సర్వర్ నుంచి వచ్చే మాటలు ఇంకో తంటా. మెనూలన్నీ తెలుగులోకి మారతాయి, ఎర్రర్ మెసేజ్ మాత్రం ఇంగ్లీషులో ఊడిపడుతుంది. ఫోను భాష మారిన సంగతి సర్వర్‌కి చెప్పిన వాళ్లు లేరు. రాత్రి పంపే పుష్ సందేశాలు లాగిన్ అయిన రోజు భాషలోనే వస్తుంటాయి. నెట్ ఆపేసి కూడా చూడు. దాచిపెట్టుకున్న జాబితా ఏ భాషలో ఉందో అప్పుడు బయటపడుతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరం డేటాబేసులో మాటలు దాచటం. ఆర్డర్ స్థితిని ఒక కోడ్‌గా దాచకుండా 'పూర్తయింది' అనే దాచారనుకో. ఉర్దూలోకి మార్చగానే ఫిల్టర్‌కి పూర్తయిన ఆర్డర్ ఒక్కటీ దొరకదు. తెర ఖాళీ, ఎర్రర్ ఉండదు, క్రాష్ ఉండదు. టెస్టర్ "ఆర్డర్లు లేవు కాబోలు" అనుకుని ముందుకు పోతాడు. అందుకే నీ టెస్ట్ ఖాతాలో సరుకు నిండుగా ఉంచుకో.

యాప్ లోపలే వెబ్ పేజీ చూపించే వెబ్‌వ్యూ ఉన్న యాప్ అయితే నియమ నిబంధనల పేజీ తెరిచి వెనక్కి రా. ఆండ్రాయిడ్ 7 నుంచి వెబ్‌వ్యూ మొదటిసారి తెరుచుకోగానే యాప్‌కి పెట్టిన భాష ఎగిరిపోయి, ఫోను భాష వచ్చి కూర్చోవటం డెవలపర్లందరికీ తెలిసిన పాత జబ్బే. తెలిసినా మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

4. అంకెల దగ్గర ఆగు

మాటల తప్పు కనపడుతుంది, అంకెల తప్పు కనపడదు. లొకేల్ అంటే భాషా, ప్రాంతమూ కలిసిన ముద్ర. తేదీలు, అంకెలు, కామాలు, వారం ఏ రోజు మొదలవుతుందన్నది అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. ప్రపంచంలోని ఫోన్లు ఈ వివరాల కోసం యూనికోడ్ వాళ్ల సీఎల్‌డీఆర్ పట్టికల మీద ఆధారపడతాయి. అందులో ఒక విచిత్రం చూడు. ప్రాంతం చెప్పకుండా ఉర్దూ అంటే మామూలు 0–9 అంకెలు వస్తాయి. ఉర్దూ-ఇండియా అంటే ఉర్దూ అంకెలు వస్తాయి. మరాఠీకి దేవనాగరి అంకెలు. తెలుగుకి మామూలు 0–9. ౧, ౨, ౩ అడిగితేనే వస్తాయి.

కోడ్‌లో ఒక చోట స్ట్రింగ్ ఫార్మాట్ వాడి, పక్కన నేరుగా సంఖ్యను అతికించారనుకో. హైదరాబాద్ ఉర్దూ ఫోనులో ఒకే రసీదు మీద మొత్తం ఉర్దూ అంకెల్లో, పన్ను ఇంగ్లీషు అంకెల్లో కనపడుతుంది. అది చూడటానికి అసహ్యం, అంతవరకే. అదే ఫార్మాట్‌తో తేదీ తయారు చేసి సర్వర్‌కి పంపితే, 0 నుంచి 9 వరకే ఎరిగిన సర్వర్ దాన్ని తిప్పి కొడుతుంది. వాడేవాడికి కనిపించేది "మళ్లీ ప్రయత్నించండి". వాడు ప్రయత్నిస్తూనే ఉంటాడు. ఇంగ్లీషు ఫోనులో, తెలుగు ఫోనులో ఈ తప్పు ఎన్నడూ దొరకదు. తెలుగు చూశాం కదా, ఉర్దూ కూడా అంతేలే అనుకునే వాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు.

డెవలపర్‌కి చెప్పాల్సిన సూత్రం చిన్నదే. యంత్రానికి పంపేది ఏ భాషకూ చెందని లొకేల్‌తో పంపాలి, మనిషికి చూపించేది మనిషి లొకేల్‌తో చూపించాలి. నువ్వు చూడాల్సింది సర్వర్ లాగ్. తెర బాగుందని వదిలేయకు, పంపిన సరుకు చదువు. వెనకటికి టర్కీ వాళ్ల చుక్క లేని 'ఐ' ఎందరి ప్రోగ్రాములనో కూల్చింది. పెద్దక్షరాన్ని చిన్నక్షరం చేయమంటే ఆ భాషలో ఇంకో అక్షరం వస్తుంది కాబట్టి. అందుకని నేను టర్కిష్ లొకేల్‌ని కూడా ఒక పూట నడిపిస్తాను, హైదరాబాద్ యాప్‌కి టర్కీతో పనేముందని నవ్వినా సరే.

కామాలు కూడా చూడు. లక్ష రూపాయలు 1,00,000 అని రావాలి. 100,000 అని వస్తే బేగంబజార్ వ్యాపారి ఒక్క క్షణం ఆగుతాడు. డబ్బు దగ్గర మనిషి ఆగాడంటే యాప్ మీద నమ్మకం తగ్గినట్టే.

5. స్టోర్ నుంచి దించి చూడు

ఆఫీసులో డెవలపర్ ఇచ్చిన ఫైలులో అన్ని భాషలూ ఉంటాయి. ప్లే స్టోర్ నుంచి దించుకున్నప్పుడు, యాప్ బండిల్ పద్ధతిలో, ఫోనులో పెట్టుకున్న భాషల మూట మాత్రమే దిగుతుంది. ఇంగ్లీషు ఫోనులో యాప్ దించి, లోపలి మెనూలో తెలుగు నొక్కితే తెలుగు ఆ ఫోనులోనే ఉండదు. ఏమీ జరగదు, టిక్కు మాత్రం పడుతుంది. బిల్డ్ సెట్టింగ్స్‌లో భాషల విభజన ఆపాలి, లేదా అడిగినప్పుడు ఆ మూటను దించుకునే కోడ్ రాయాలి. నీ వంతు ఏమిటంటే, విడుదలకు ముందు ఇంటర్నల్ టెస్టింగ్ ట్రాక్ నుంచి దించి చూడటం.

6. తెలుగు అక్షరానికి పైనా కిందా గదులుంటాయి

మన లిపి నిలువుగా పెరుగుతుంది. స్వాతంత్ర్యం, రాష్ట్రం, స్త్రీ. ఈ మూడు మాటలు పెట్టి ప్రతి బటనూ, ప్రతి ట్యాబూ, ప్రతి జాబితా వరుసా చూడు. ఎత్తును ఇంగ్లీషు కొలతలతో బిగించిన చోట కింది వత్తు సగానికి తెగుతుంది, పై గుడి నెత్తి ఎగిరిపోతుంది. లింకు కింద గీత పెడితే ఆ గీత వత్తుల మీదుగానే పోతుంది. ఫోనులో అక్షరాల సైజు పెంచి చూస్తే ఇంకా బాగా బయటపడతాయి. ఆండ్రాయిడ్ 14 నుంచి రెండు వందల శాతం దాకా పెంచుకోవచ్చు. పెంచుకునేవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లు, తెలుగు కావాలనేదీ వాళ్లే. ఈ రెండిటినీ విడివిడిగా పరీక్షించటం నాకు నచ్చదు.

తర్వాత కత్తిరింపు. 'లక్ష్మి' మన చెవికి రెండక్షరాలు, కంప్యూటర్ లెక్కలో ఏడు. ఐదు దగ్గర కత్తిరించి మూడు చుక్కలు పెట్టే కోడ్ ఉంటే 'లక్ష్...' అని పొల్లుతో వేలాడుతుంది. ఫోటో లేనివాళ్లకు గుండ్రటి బిళ్లలో మొదటి అక్షరం వేస్తారు కదా, అక్కడ శ్రీనివాస్ 'శ' అవుతాడు, జ్యోతి 'జ' అవుతుంది. యూనికోడ్ ప్రకారం అక్షర గుచ్ఛాన్ని లెక్కబెట్టమని చెప్పాలి, మొదటి సంకేతాన్ని కాదు.

ఇంకొకటి, వాక్యంలో పేరు అతికించే చోటు. డెవలపర్ ఖాళీ వదిలి దాని పక్కన 'లో' అని రాస్తాడు. ఊరు 'నాంపల్లి' అయితే చక్కగా 'నాంపల్లిలో' వస్తుంది. 'చార్మినార్' అయితే 'చార్మినార్లో' అవుతుంది, రకారానికి లావత్తు పుట్టుకొస్తుంది. మధ్యలో కంటికి కనపడని జోడింపు నిరోధకం ఒకటి పడాలి, జెడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. అది పడితేనే 'చార్మినార్‌లో' అని విడిగా నిలుస్తుంది. సరే, అది వేశారు. ఇప్పుడు వెతుకులాట చెడుతుంది. ఒక కీబోర్డు దాన్ని వేస్తుంది, ఇంకొకటి వేయదు, రెండు 'సాఫ్ట్‌వేర్'లూ కంటికి ఒకటే అయినా యాప్‌కి వేరు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది అనుకోకు. వెతికే ముందు ఆ కనపడనిదాన్ని తీసేసి పోల్చమంటే సరిపోతుంది.

ఈ కనపడని గుర్తును తక్కువ చేసి చూడొద్దని చెప్పటానికి నా దగ్గర ఉన్న పెద్ద సాక్ష్యం 2018 ఫిబ్రవరి నాటిది. తెలుగు అక్షరం ఒకటి పంపితే ఐఫోన్లు కూలిపోతున్నాయని ప్రపంచమంతా గోల. సందేశాల యాప్‌లు తెరవగానే మూసుకుపోయేవి. నోటిఫికేషన్‌లో ఆ అక్షరం కనిపిస్తే ఫోను మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యేది. వార్తల్లో 'జ్ఞా' అని వేశారు. కానీ మామూలుగా రాసిన 'జ్ఞానం' ఏ ఫోన్నీ కూల్చలేదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఈ జోడింపు నిరోధకం, చివర దీర్ఘం: ఆ వరసలో వస్తేనే ఐఓఎస్ 11.2.5లో అక్షరాలను తెర మీద కూర్చే భాగం తడబడి మెమరీ పాడుచేసేది. బెంగాలీలో కూడా అలాంటి వరసలు దొరికాయి. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిదిద్దింది. అంత పెద్ద కంపెనీ పరీక్షల్లో కూడా ఆ వరస తగల్లేదు. నీ టెస్ట్ డేటాలో నిఘంటువులోని మాటలే ఉంటే నీకూ తగలదు. విరిగిన తెలుగు, తప్పుడు వరసల తెలుగు, సగంలో ఆగిన తెలుగు కూడా ఒక ఫైలులో దాచుకో.

7. ఉర్దూ పెట్టగానే ఇల్లంతా తిరుగుతుంది

2017 నవంబరులో శాసనసభ బిల్లు ఆమోదించి ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది. తెలంగాణలో ప్రజలకు పనికొచ్చే యాప్ రాసేవాడెవడైనా కుడి నుంచి ఎడమకు పోయే తెర గురించి ఆలోచించాల్సిందే. ఆండ్రాయిడ్‌లో ఈ సౌకర్యం 2012లో 4.2 వెర్షన్ నుంచే ఉంది. ఎడమ, కుడి అని రాయకుండా మొదలు, చివర అని రాస్తే తెర దానంతటది తిరుగుతుంది. అనువాదం సిద్ధం కాకముందే డెవలపర్ ఆప్షన్స్‌లో ఫోర్స్ ఆర్‌టీఎల్ నొక్కి చూడొచ్చు.

తిరగకూడనివి తిరుగుతాయి, అదీ చిక్కు. వెనక్కి బాణం తిరగాలి. గడియారం, ప్లే గుర్తు, డయల్ ప్యాడ్ తిరగకూడదు. ఓటీపీ గళ్లు చూడు: ఆరు గళ్ల వరస తిరిగితే మొదటి అంకె కుడి చివర పడి ఓటీపీ తలకిందులుగా కనపడుతుంది. ఉర్దూలో కూడా అంకెలు ఎడమ నుంచి కుడికే చదువుతారు. ఫోన్ నంబరును ఖాళీతో రెండు ముక్కలు చేసి రాస్తే, ఉర్దూ తెర మీద ఆ ముక్కలు చోటు మార్చుకుంటాయి, ముందుండాల్సిన ప్లస్ గుర్తు వెనక్కి పోతుంది. అలా తారుమారైన నంబరు చూసి ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి ఫోను చేస్తారు. మైనస్ గుర్తుకీ ఇదే గతి. బాకీ ఐదు వందలైతే గుర్తు అంకెకు అటుపక్కన తేలుతుంది. ఈ తప్పులు పట్టటానికి ఉర్దూ రానక్కర్లేదు, కళ్లుంటే చాలు.

ఉర్దూ వచ్చినవాళ్లు అవసరమయ్యేది లిపి శైలి దగ్గర. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉర్దూ నస్ఖ్ శైలిలో వస్తుంది. అరబిక్ పుస్తకాల్లాగా గీతకు సమంగా ఉంటుంది. పాతబస్తీ కళ్లకు అలవాటైంది నస్తాలీఖ్, పై నుంచి కిందికి వాలుతూ దిగే రాత. ఛత్తా బజార్‌లో పెళ్లి పత్రికలు కంపోజ్ చేసే ఒక పెద్దాయనకు మా తెర చూపించాను. నస్ఖ్‌లో ఉన్న పేరా చదివాడు గానీ వేలు పెట్టుకుని చదివాడు. అదే పేరాను ఐఫోన్‌లో నస్తాలీఖ్‌లో చూపిస్తే వేలు తీసేశాడు. 2017లో ఐఓఎస్ 11తో ఐఫోన్లలో ఉర్దూకి నస్తాలీఖ్ వచ్చింది. అయితే ఆ వాలు రాతకు ఎత్తు చాలా కావాలి. నస్ఖ్‌కి కొలిచి కట్టిన వరసలో నస్తాలీఖ్ పెడితే పై చుక్కలు పోతాయి. ఉర్దూలో చుక్క పోతే అక్షరమే మారిపోతుంది.

8. చార్మినార్ జాబితా అడుగుకు ఎందుకు పోయింది?

ఒక యాప్‌లో ప్రాంతాల జాబితా ఉర్దూలోకి మార్చి చూస్తే శాలిబండ, ఫలక్‌నుమా, మీరాలం మండి ముందొచ్చాయి. పత్తర్‌గట్టి, చార్మినార్ అడుగున పడ్డాయి. ఉర్దూ వర్ణమాలలో పే, చే ముందుండే అక్షరాలు. కానీ యూనికోడ్‌లో అరబిక్ అక్షరాల వరస ముందు కూర్చుంది. అరబిక్‌లో లేని పే, టే, చే, గాఫ్ తర్వాత చేరాయి. సంకేతాల వరసన పేరిస్తే ఇలాగే పడతాయి. భాష తెలిసిన కొలేటర్‌తో పేర్చమనాలి. తెలుగులో సంకేతాల వరస మన అకారాదికి చాలావరకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఈ తప్పు తెలుగులో దొరకదు.

వెతుకులాటలో కూడా ఉర్దూకి సొంత చిక్కులున్నాయి. అరబిక్ కీబోర్డు మీద కొట్టిన కాఫ్, యే వేరు, ఉర్దూ కీబోర్డు మీదివి వేరు. మాటలో కలిసిపోయాక కంటికి తేడా తెలియదు. గల్ఫ్ నుంచి తెచ్చిన ఫోన్లో అరబిక్ కీబోర్డు ఉంటుంది. 'యాకుత్‌పురా' అని అక్షరం పొల్లుపోకుండా కొట్టినా ఫలితాలు సున్నా. రెండు రకాలనూ ఒకటిగా చూసి పోల్చమని రాసి పంపు.

9. ప్రాంతం వేరు, భాష వేరు

బార్కస్‌లోనో, చంద్రాయణగుట్టలోనో జెద్దా, రియాద్‌ల నుంచి వచ్చిన ఫోన్లు చాలా ఉంటాయి. వాటిలో భాష ఇంగ్లీషు, ప్రాంతం సౌదీ. ప్రాంతం సౌదీ అయితే కొన్ని ఫోన్లలో తేదీ హిజ్రీ కేలండర్‌లో వస్తుంది, సంవత్సరం 1400లలో ఉంటుంది. పుట్టిన తేదీ ఎంచుకునే చక్రం తిప్పి చూడు. వయసు లెక్క ఎక్కడికో పోతుంది, పింఛను ఫారం 'అర్హత లేదు' అంటుంది. దీనికి భాష మార్చనే అక్కర్లేదు, ప్రాంతం ఒక్కటి మారిస్తే చాలు. టెస్ట్ ప్లాన్‌లో ఈ రెండిటికీ వేరు వేరు గళ్లు పెట్టు. తెలుగు-ఇండియా, తెలుగు-అమెరికా అని కూడా పెట్టు. డల్లాస్‌లో ఉన్న కూతురు ఫోనులో 5/6 అంటే మే ఆరో, జూన్ ఐదో తల్లికి తెలియాలి కదా.

10. బగ్ రాసేటప్పుడు లొకేల్ మొత్తం రాయి

"తెలుగులో పని చేయట్లేదు" అని రాస్తే మూసేస్తారు. ఫోను భాష, యాప్ భాష, ప్రాంతం, అక్షరాల సైజు, ఏ దారిన మార్చావు, మార్చే ముందు ఏ తెర మీద ఉన్నావు: ఇవన్నీ రాయి. తెర ఫోటో కంటే మార్పిడి జరుగుతున్న వీడియో పనికొస్తుంది.

11. యంత్రం చేసేది యంత్రానికి వదిలెయ్

ఆండ్రాయిడ్‌లో నకిలీ లొకేల్స్ రెండున్నాయి. ఒకటి ఇంగ్లీషు మాటలకు గుర్తులు తగిలించి సాగదీస్తుంది, ఇంకొకటి కుడి నుంచి ఎడమకు తిప్పుతుంది. కోడ్‌లో నేరుగా రాసేసిన మాటలు మొదటిదానిలో గుర్తులు లేకుండా బోసిగా నిలబడతాయి, వెంటనే దొరుకుతాయి. ఎక్స్‌కోడ్‌లో కూడా ఇలాంటివి ఉన్నాయి. ప్రతి బిల్డ్‌కీ అన్ని భాషల్లో తెర ఫోటోలు తీసే స్క్రిప్ట్ పెట్టుకో.

ఆ ఫోటోలను మనుషులకు చూపించే పని మాత్రం స్క్రిప్ట్ చేయదు. భాష చదివేవాళ్లని పట్టుకో, ఆఫీసులోనే వెతకకు. పాతబస్తీలో మదీనా దగ్గర మధ్యాహ్నం పూట షాపుల్లో బేరం తక్కువ, మనుషులు ఓపిగ్గా మాట్లాడతారు. "ఇది బాగుందా" అని అడగకు, మొహమాటానికి బాగుందంటారు. "ఇందులో కరెంటు బిల్లు కట్టి చూపించండి సాబ్" అను. ఎక్కడ వేలు ఆగిందో చూడు, ఎక్కడ ఇంగ్లీషులోకి మార్చమని అడిగారో రాసుకో. అలా అడిగిన తెరే నీ జాబితాలో మొదటి వరస.

12. "ఉర్దూ వాడేవాళ్లు ఎంతమంది?" అని అడిగినప్పుడు

ప్రతి విడుదల ముందు మేనేజర్ ఈ లెక్క తీస్తాడు. నూటికి ఇంతే, తర్వాత చూద్దాం అంటాడు. తెలుగు గురించి కూడా ఒకప్పుడు ఇదే మాట. 2014లో ఆండ్రాయిడ్ 5.0 వచ్చేదాకా ఆండ్రాయిడ్ సొంత మెనూల్లోనే తెలుగు లేదు, వాడేవాళ్ల లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? తెర విరిగి ఉంటే ఒకసారి నొక్కి చూసినవాళ్లు వెనక్కి పోతారు. వెనక్కి పోయినవాళ్లను లెక్కలో ఇంగ్లీషు వాడకందార్లుగా రాసుకుంటాం. వాదనకు దిగి ప్రయోజనం లేదు, మేనేజర్ దగ్గర అంకె ఉంది, నీ దగ్గర లేదు. నువ్వూ ఒక అంకె తెచ్చుకో. భాష మార్చిన ప్రతిసారీ, ఏ భాష నుంచి ఏ భాషలోకి, ఏ తెర మీద ఉండగా, ఎంతసేపట్లో తిరిగి మార్చారు అన్నది లాగ్‌లో పడేట్టు డెవలపర్‌ని అడుగు. పది లైన్ల పని, ఎవరూ కాదనరు. ఉర్దూలోకి పోయి నిమిషంలోపు తిరిగొచ్చినవాళ్లు ఎంతమందో, ఏ తెర దగ్గర తిరిగొచ్చారో నెల తర్వాత తీసి మీటింగ్‌లో పెట్టు. నేను చూసినంతలో ఎక్కువమంది తిరిగొచ్చేది డబ్బు కట్టే తెర దగ్గర. అక్కడి నుంచి మొదలుపెట్టమను.